మలక్‌పేట గుర్రపు రేసులకు కొత్తగా వెళ్తున్నారా? పందెం కట్టే ముందు తెలియాల్సిన లెక్కలు, పద్ధతులు

క్రికెట్ మీదో కబడ్డీ మీదో ఫోన్‌లో పందెం కట్టమని పిలిచే యాప్ ఏదైనా సరే, తెలుగు రాష్ట్రాల్లో అది చట్టానికి బయటి వ్యవహారమే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టమూ అదే చెప్పింది. ఆట నైపుణ్యంతో కూడినదైనా మినహాయింపు లేదు. "మా యాప్‌కి లైసెన్స్ ఉంది" అనే మాటను పట్టించుకోనక్కర్లేదు. ఆ లైసెన్స్ ఏ దీవి దేశానిదో అయి ఉంటుంది, మీ డబ్బు ఇరుక్కుంటే అడగడానికి ఇక్కడ ఎవరూ ఉండరు.

మిగిలింది గుర్రప్పందేలు. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో తేల్చింది. అందుకే గుర్తింపు ఉన్న రేస్ కోర్సు ఆవరణలో, క్లబ్ కౌంటర్ దగ్గరో లైసెన్స్ ఉన్న బుకీ దగ్గరో కట్టే పందెం చట్టబద్ధం. మనకు దగ్గర్లో ఉన్నది మలక్‌పేట. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో 1886లో రేసులు అక్కడికి చేరాయి, ఇప్పుడు హైదరాబాద్ రేస్ క్లబ్ నడుపుతోంది. వానాకాలం సీజన్ సుమారుగా జూలై నుంచి అక్టోబర్ దాకా, చలికాలం సీజన్ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఆనవాయితీగా అక్టోబర్ 2న జరిగే దక్కన్ డెర్బీ చూడముచ్చటైనదే గానీ మొదటిసారి వెళ్లడానికి ఆ రోజు పనికిరాదు. ఆ జనంలో కౌంటర్ దగ్గర ప్రశ్న అడిగే తీరిక మీకూ ఉండదు, చెప్పే తీరిక వాళ్లకీ ఉండదు. మామూలు రేసు రోజు చూసుకోండి.

మొదటి మెట్టు: పన్ను లెక్క

చాలామంది చివర్లో తెలుసుకునేది ముందే తెలుసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 40 శాతం. అదీ క్లబ్ కమిషన్ మీద కాదు, మీరు కట్టే పందెం మొత్తం మీద. అంటే 100 రూపాయల పందానికి మీ జేబులోంచి పోయేది 140. కౌంటర్‌లో చెప్పే ధర పన్ను కలిపినదా, విడిగా వేస్తారా అని మొదటి టికెట్‌కి ముందే అడిగేయండి. పన్ను కలిపి 100 ఇస్తే అందులో పందెంగా పనిచేసేది 71 రూపాయల చిల్లర.

దీని దెబ్బ ఎంతో ఒక్క ఉదాహరణతో తేలిపోతుంది. బుకీ బోర్డు మీద ఒక గుర్రం 4/10 ఉందనుకుందాం. పదికి నాలుగు లాభం అన్నమాట. 100 పందెం గెలిస్తే చేతికి 140 వస్తుంది. కానీ మీరు ఇచ్చిందీ 140. గుర్రం వందకు వంద శాతం గెలుస్తుందని తెలిసినా మీకు మిగిలేది సున్నా. "ఖాయం గుర్రం, కళ్లు మూసుకుని కట్టు" అని పక్కవాడు చెప్పేవన్నీ దాదాపు ఈ రేటు గుర్రాలే.

కాబట్టి రేసుల్లో ఆదాయం వస్తుందన్న ఆశతో మొదలుపెట్టేవారికి ఈ వ్యాసం పనికిరాదు. సినిమాకో క్లబ్బుకో పెట్టినట్టు కొంత డబ్బు ఖర్చు రాసుకుని, ఆ డబ్బుతో బుర్రకు పనిపెట్టే ఆట ఆడదాం అనుకునేవారి కోసం మిగతాది.

రెండో మెట్టు: రేటును శాతంగా మార్చడం

బోర్డు మీద ప్రతి రేటూ ఒక శాతమే. కుడి అంకెను రెండు అంకెల మొత్తంతో భాగిస్తే వస్తుంది. 5/1 అంటే ఆరింట ఒకటి, సుమారు 17 శాతం. 6/4 అంటే పదింట నాలుగు, 40 శాతం. ఈవెన్స్ (పెట్టినంతే లాభం) అంటే 50.

అయిదు గుర్రాల రేసులో రేట్లు ఈవెన్స్, 2/1, 4/1, 6/1, 9/1 ఉన్నాయనుకోండి. శాతాలు 50, 33, 20, 14, 10. కూడితే 127కి పైనే. నిజానికి అయిదింటి అవకాశాలూ కలిపి వందే కావాలి. ఆ పైన ఉన్నదంతా బుకీ తన కోసం పెట్టుకున్న పెచ్చు. రేసుకి ముందు ఈ కూడిక ఒకసారి చేస్తే ఏ రేసులో మీ మెడ మీద ఎంత బరువుందో తెలిసిపోతుంది. 130 దాటితే ఆ రేసును కాఫీకి కేటాయించండి.

ఇప్పుడు జీఎస్టీ కలపండి. రేటు చెప్పే శాతాన్ని 1.4తో గుణిస్తే, నష్టం రాకుండా ఉండటానికి ఆ గుర్రం నిజంగా ఎన్ని శాతం గెలవాలో వస్తుంది. ఈవెన్స్ గుర్రం 70 శాతం గెలవాలి. 6/4 గుర్రం 56, 2/1 గుర్రం దాదాపు 47, 5/1 గుర్రం 23కి కాస్త పైన. మీ అంచనా దీనికంటే ఎక్కువ ఉంటేనే టికెట్. చాలా రేసుల్లో ఉండదు. రోజుకు ఏడెనిమిది రేసులు నడిస్తే అందులో ఒకటో రెండో చేతికి అందితే ఎక్కువ, ఏదీ అందని రోజులూ ఉంటాయి.

మూడో మెట్టు: టోటా, బుకీయా

టోట్ అంటే క్లబ్ నడిపే ఉమ్మడి పూల్. అందరి డబ్బూ ఒకచోట చేరుతుంది, క్లబ్ కొంత కోత పెట్టుకుని మిగిలింది గెలిచినవారికి పంచుతుంది. ఊహ కోసం విన్ పూల్ లక్ష రూపాయలు, కోత 20 శాతం అనుకుంటే పంచేది 80,000. గెలిచిన గుర్రం మీద 20,000 పడి ఉంటే 10 రూపాయల టికెట్‌కి 40 వస్తుంది. పందెం అసలు ఆ 40లోనే ఉంటుంది, లాభం 30. టోట్‌తో చిక్కు ఒకటే. తెర మీద కనిపించే రేటు, గేటు తెరుచుకుని పరుగు మొదలయ్యే క్షణం దాకా మారుతూనే ఉంటుంది. 60 చూసి కట్టినవారికి 35 రావడం మామూలే, ఎందుకంటే పెద్ద డబ్బు చివరి రెండు నిమిషాల్లోనే పడుతుంది.

బుకీ దగ్గర అలా కాదు. టికెట్ మీద అచ్చైన రేటే మీ రేటు. బుకీలు పక్కపక్కనే ఉంటారు, ఒకే గుర్రానికి ఒకరి బోర్డు మీద 5/2, ఇంకొకరి దగ్గర 3/1 కనబడుతుంది. పది అడుగులు నడవకపోతే పోయేది మీ లాభమే. మాట మీద, టికెట్ లేకుండా, "పన్ను లేకుండా చేసిపెడతా" అనేవారు ఉంటారు. అది చట్టబద్ధమైన పందెం కాదు, గెలిచాక ఇవ్వకపోతే క్లబ్ కూడా ఏమీ చేయలేదు.

కొత్తవారికి కావాల్సిన టికెట్లు రెండే. విన్ అంటే మొదట రావాలి. ప్లేస్ అంటే మొదటి కొన్ని స్థానాల్లో ఉండాలి. సాధారణంగా చిన్న రేసుల్లో రెండు, ఎనిమిదీ అంతకంటే ఎక్కువ గుర్రాలుంటే మూడు స్థానాలకు ఇస్తారు, ఆ రోజు లెక్క రేస్ బుక్‌లో (రేసుల, గుర్రాల వివరాలుండే పుస్తకం) చూసుకోవాలి. ఫేవరెట్‌కి (ఎక్కువమంది గెలుస్తుందనుకునే గుర్రానికి) ప్లేస్ కట్టడం కొత్తవారికి నచ్చే పని. 10కి 11, 12 వస్తుంది, పన్ను తీశాక గెలిచి కూడా నష్టపోతారు.

ఎస్‌హెచ్‌పీ (సెకండ్ హార్స్ పూల్) అంటే కచ్చితంగా రెండో స్థానం. మీ గుర్రం మొదట వచ్చినా డబ్బు రాదు, ఇది తెలియక కౌంటర్ దగ్గర గొడవపడేవారు ఉంటారు. ఫోర్‌కాస్ట్‌లో మొదటి రెండూ వరుసలో చెప్పాలి, క్వినెల్లాలో వరుస అక్కర్లేదు. తనాలా అంటే మొదటి మూడు, వరుసలో. జాక్‌పాట్‌లో వరుసగా అయిదు రేసుల విజేతలను చెప్పాలి. వీటి ఖర్చు గుణకారంతో పెరుగుతుంది: నాలుగు గుర్రాలను తనాలాలో అన్ని రకాలుగా కలిపితే 24 కలయికలు. జాక్‌పాట్‌లో అయిదు రేసులకు 2, 3, 2, 1, 3 చొప్పున గుర్రాలు పెడితే 36. యూనిట్ 10 రూపాయలైతే 360, పైన పన్ను. "పది రూపాయల టికెటే కదా" అని కౌంటర్‌కి వెళ్లి అయిదు వందలు ఇచ్చి వచ్చేది ఇక్కడే. మొదటి సీజన్‌లో వీటి జోలికి పోవద్దు.

నాలుగో మెట్టు: రేస్ బుక్‌లో ఒక వరుస చదవడం

రేస్ బుక్‌ను ముందురోజే సంపాదించండి. రేసు మధ్యలో ఇరవై అయిదు నిమిషాల్లో చదివి అర్థం చేసుకోవడం అలవాటైనవారికే కష్టం.

ఒక వరుస తీసుకుందాం. నంబర్ 7, నాలుగేళ్ల గెల్డింగ్, రేటింగ్ 48, బరువు 53 కిలోలు, డ్రా 9, గత పరుగులు 4-2-6-2-3. రేసు 40 నుంచి 65 రేటింగ్ గుర్రాలకు, 1200 మీటర్లు.

గెల్డింగ్ అంటే వృషణాలు తీసేసిన మగ గుర్రం. సాధారణంగా నిలకడగా పరిగెడుతుంది. రేటింగ్ అనేది హ్యాండీక్యాపర్ (గుర్రాలు మోయాల్సిన బరువు లెక్కగట్టే అధికారి) ఇచ్చిన మార్కు. మన రేసుల్లో ఒక రేటింగ్ పాయింట్‌కి అర కిలో లెక్క. ఇదే రేసులో 62 రేటింగ్ గుర్రం 60 కిలోలు మోస్తుంటే తేడా 14 పాయింట్లు, అంటే 7 కిలోలు. అందుకే మన గుర్రానికి 53. బలమైన గుర్రానికి బరువెక్కించి అందరినీ ఒకేసారి గీత దాటించాలన్నదే హ్యాండీక్యాపర్ పని. ఆయన ఎక్కడ పొరబడ్డాడో పట్టుకోవడమే మీ పని.

గత పరుగుల్లో రెండుసార్లు రెండో స్థానం, గెలుపు లేదు. గెలవకపోవడం ఒక్కోసారి మంచిదే, గెలిస్తే రేటింగ్ పెరిగి వచ్చే రేసులో బరువెక్కేది. అయితే ఈ అంకెలను ఒంటరిగా చదవకూడదు. ఆ రెండో స్థానాలు ఏ దూరంలో వచ్చాయి? ఎంత బరువుతో? ఎన్ని లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో? 1200 మీటర్లలో ఒక కిలోకి దాదాపు ఒక లెంగ్త్ అని రేసు లెక్కలు వేసేవారు కొలత పెట్టుకుంటారు, దూరం పెరిగితే బరువు ప్రభావమూ పెరుగుతుంది. సమాన బరువుతో రెండు లెంగ్త్‌ల తేడాతో ఓడి, ఇప్పుడు ఆ గెలిచిన గుర్రంకంటే నాలుగు కిలోలు తక్కువ మోస్తుంటే కాగితం మీద లెక్క తిరగబడింది. ఆ 6వ స్థానం 1600 మీటర్లదైతే కొట్టేయండి, దూరం చాలక కాదు, ఎక్కువై ఓడింది.

డ్రా 9 అంటే లోపలి కంచె నుంచి తొమ్మిదో గేటు. మలుపు దగ్గరగా ఉండే పొట్టి దూరాల్లో బయటి గేటు గుర్రం ఎక్కువ దూరం పరిగెత్తాలి, లేదా వెనక్కి తగ్గి లోపలికి రావాలి. మొదటి నుంచీ ముందుండే గుర్రానికి ఇది పెద్ద దెబ్బ, వెనక నుంచి వచ్చేదానికి అంత కాదు. వానాకాలం సీజన్‌లో ఇంకొకటి చూడాలి. తడిసిన ట్రాక్ మీద గుర్రాల తీరు మారుతుంది, గతంలో వాన రోజున ఎలా పరిగెత్తిందో వెతకండి.

ఉదయం ట్రాక్ వర్క్ (సాధన పరుగుల) వివరాలు పేపర్లలో వస్తాయి. "600/43, ఈజీ" అంటే చివరి 600 మీటర్లు 43 సెకన్లలో, పెద్దగా తోలకుండానే పరిగెత్తిందని. ఇదే 43 సెకన్లు "పుష్డ్" అని ఉంటే విలువ సగమే. గంటల కొద్దీ ఈ అంకెలు నూరేవారు ఉన్నారు. నిజానికి ఇవి ఒక్క ప్రశ్నకే బాగా పనికొస్తాయి: చాలాకాలం విరామం తర్వాత వస్తున్న గుర్రం ఫిట్‌గా ఉందా, లేదా.

ఇదంతా చదివాక బోర్డు చూడకముందే ఆ గుర్రం గెలిచే అవకాశం ఎన్ని శాతమో పక్కన రాయండి. 20 అని రాశారనుకుందాం. పన్ను కలిపాక 20 శాతానికి సరిపోయే రేటు 6/1. బోర్డు మీద 8/1 ఉంటే కట్టొచ్చు, 4/1 ఉంటే గుర్రం నచ్చినా వదిలేయాలి. రేటు చూశాక అంచనా వేస్తే మీ అంచనా దానంతటదే రేటు వైపు జరుగుతుంది.

అయిదో మెట్టు: నాలుగు రేసు రోజులు కాగితం మీదే

డబ్బు లేకుండా మొదలుపెట్టండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, రేసు, గుర్రం, మీ శాతం, దొరికిన రేటు, ఊహా పందెం, ఫలితం, ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యం. ఊహా పందేనికీ పన్ను కలిపే రాయాలి. ఆఖరి గడి ముఖ్యం, గుర్రం ఓడాక కారణాలు మన బుర్రలో మారిపోతాయి. నాలుగు రోజుల తర్వాత మీరు 30 శాతం అని రాసిన గుర్రాలన్నీ ఒకచోట చేర్చి చూడండి. పదింట మూడు దరిదాపుల్లో గెలిచాయా? ఒక్కటే గెలిస్తే మీ 30 అసలు 30 కాదు. కొత్తవారి శాతాలు దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. ఈ పరీక్షలో కాగితం మీదే డబ్బు పోయినవారికి నిజం డబ్బుతో రాదు.

ఆరో మెట్టు: డబ్బు ఎంత, ఎలా

సీజన్‌కి మొత్తం ఒకటి పక్కన పెట్టండి, పోయినా ఇంట్లో ఏ బిల్లూ ఆగనంత. 5,000 అనుకుందాం. ఒక పందెం పన్నుతో కలిపి అందులో రెండు శాతం, అంటే 100 రూపాయలు. రోజుకు మూడు పందేలకు మించవద్దు. ఆ రోజుకి కావాల్సిన 300 నగదుగా తీసుకెళ్లి, కార్డు ఇంట్లో వదిలేయండి. ఫోన్‌లో యూపీఐ ఉంటుంది కాబట్టి ఆ ఖాతాలో రోజు పరిమితి తగ్గించి పెట్టుకోవడం కూడా పనికొస్తుంది.

పోయిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తే ఎప్పటికైనా తిరిగొస్తుందనే సలహా ప్రతి రేస్ కోర్సులోనూ వినిపిస్తుంది. లెక్క చూడండి: 100, 200, 400, 800, 1,600, 3,200. ఆరుసార్లు ఓడితే పోయేది 6,300. మూడింట ఒకసారి గెలిచే గుర్రాలనే ఎంచినా వరుసగా ఆరు ఓటములు వచ్చే అవకాశం దాదాపు 9 శాతం. సీజన్ పొడుగునా ఆడితే అది రాకుండా ఉండదు.

ఏడో మెట్టు: రేసు రోజున

గుర్రాలు పాడాక్‌లో (రేసుకి ముందు వాటిని నడిపించే ఆవరణ) తిరిగేటప్పుడు వెళ్లి చూడండి. వెనక కాళ్ల మధ్య తెల్లటి నురగ కట్టిందంటే ఆ గుర్రం కంగారులో ఉంది, ఎండాకాలపు చెమట మెరుపు వేరు, ఈ నురగ వేరు. నడకలో ఒక కాలు పొట్టి అంగ వేస్తున్నా, తల విసురుతూ పట్టుకుని నడిపే మనిషిని లాగుతున్నా మీ శాతం తగ్గించుకోండి. బాగా కనిపించినంత మాత్రాన పెంచకండి.

టికెట్ చేతికి రాగానే కౌంటర్ వదలకముందే ఊరు పేరు, రేసు నంబర్, గుర్రం నంబర్, మొత్తం, బుకీ టికెట్ అయితే రేటు సరిచూసుకోవాలి. ఊరు పేరు ఎందుకంటే, మలక్‌పేటలో ఉండి కూడా బెంగళూరు, ముంబై, పుణే రేసుల మీద కట్టొచ్చు. రెండు ఊళ్లలోనూ మూడో రేసు, అయిదో నంబర్ గుర్రం ఉంటాయి. గేటు తెరుచుకున్నాక తప్పు దిద్దరు. తెర మీద చూపే వేరే ఊరి రేసులే కొత్తవారి బడ్జెట్‌ను తినేస్తాయి కూడా. ఇక్కడి రెండు రేసుల మధ్య ఖాళీలో, ఒక్క ముక్క చదవని గుర్రాల మీద డబ్బు వెళ్లిపోతుంది.

రేసు అయ్యాక టికెట్ చింపకండి. జాకీలు మళ్లీ బరువు తూగాలి, ఎవరైనా అడ్డం వచ్చారని ఆబ్జెక్షన్ పడవచ్చు, స్టీవార్డులు (రేసును పర్యవేక్షించే అధికారులు) విచారించి వరుస మార్చవచ్చు. అధికారిక ఫలితం ప్రకటించాకే డబ్బు ఇస్తారు. మీ గుర్రం పరుగుకు ముందే తప్పుకుంటే విన్, ప్లేస్ పందెం వెనక్కి వస్తుంది. బుకీ దగ్గర వేరే గుర్రం తప్పుకుంటే మాత్రం మీ గెలుపులో కొంత కోత పడుతుంది, మోసమనుకోవద్దు, పోటీ తగ్గింది కాబట్టి ఆ నిబంధన.

టిప్స్ అమ్మేవారు

ఎనిమిది గుర్రాల రేసు ఉందనుకోండి. ఒకడు ఎనిమిది టెలిగ్రామ్ గ్రూపులు పెట్టి ఒక్కో గ్రూపుకి ఒక్కో గుర్రం పంపుతాడు. ఒక గ్రూపులో అది గెలుస్తుంది, తర్వాతి టిప్‌కి ఆ గ్రూపు నుంచి డబ్బు వసూలు చేస్తాడు. "ఫిక్సింగ్ సమాచారం" అమ్మేవాడికి ఆ సమాచారం నిజంగా ఉంటే మీకు చెప్పి రేటు తగ్గించుకోడు. ఇలాంటి వారికి డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 సైబర్ నంబర్‌కి ఫోన్ చేయండి, త్వరగా చేస్తేనే ఖాతా ఆపగలుగుతారు.

గెలిస్తే ఆదాయపు పన్ను

గుర్రప్పందెం గెలుపు మీద 30 శాతం పన్ను, పైన 4 శాతం సెస్, కలిపి 31.2 శాతం. మీ జీతం ఏ శ్లాబులో ఉన్నా ఇదే. గెలుపు 10,000 దాటితే ముందే టీడీఎస్ పట్టుకుంటారు, దాటకపోయినా రిటర్న్‌లో చూపాల్సిందే. అన్నిటికంటే బాధించేది, పోయిన డబ్బును గెలిచినదాంట్లోంచి తీసేయనివ్వరు. ఏడాదిలో 50,000 గెలిచి 40,000 పోగొట్టుకున్నవారి చేతిలో మిగిలింది 10,000. పన్ను 50,000 మీద, 15,600. లెక్క తేలేసరికి నష్టం 5,600.

ఆపాల్సిన చోటు

నోట్‌బుక్ రాయడం మానేశారంటే అదే మొదటి గుర్తు. పోయినది ఈరోజే రాబట్టాలని చివరి రేసులో పందెం పెంచడం, ఇంట్లో మొత్తం తగ్గించి చెప్పడం, లోన్ యాప్‌లోనో స్నేహితుడి దగ్గరో తీసుకుని కట్టడం, ఫోన్‌లో అప్పు మీద ఆడించే దొంగ బుకీతో మాట్లాడటం: వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఆ సీజన్‌కి మిగిలిన డబ్బు ఇంట్లో నమ్మకమైనవారి చేతికిచ్చి రేస్ కోర్సుకి వెళ్లడం ఆపండి. మీ వల్ల కాకపోతే టెలిమానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు.